ఐదో ఇంజిన్

మొన్న రాత్రి పదకొండున్నరకి, మా విమానాల పిచ్చోళ్ళ ఆన్‌లైన్ గ్రూపుని అదుపులో పెట్టే మోడరేటర్ల పట్టీలోంచి నా పేరు నేనే తీసేసుకున్నాను. "ఖాయమేనా?" అని ఫోన్ ఒక్కసారి అడిగింది, అవునన్నాను. పద్నాలుగేళ్ళ పని రెండు సెకన్లలో అయిపోయింది. అయినా అలవాటు కొద్దీ ఫోన్ పక్కన పెట్టలేదు, ఏదైనా గొడవ మొదలవుతుందేమో అని. మొదలైంది కూడా. ఎయిర్‌బస్ ఎ320 విమానం అందమైనదా, బోయింగ్ 737 అందమైనదా అన్న పాత గొడవే. ఒకాయన ఇంకొకాయన్ని "నీకు కళ్ళున్నాయా" అనేదాకా వెళ్ళాడు. వేలు దానంతట అదే డిలీట్ కోసం వెతికింది. అక్కడ ఇక ఆ బటన్ లేదు. చూస్తూ ఊరుకోవడం ఇంత కష్టమని నాకు తెలీదు.

ఈ పని నాకు 2011లో అంటుకుంది. అంటుకుంది అనే అనాలి. ఎవరూ ఎన్నుకోలేదు, జీతం లేదు, నేనూ అడగలేదు. అప్పటిదాకా గ్రూపుని చూసుకుంటున్న పెద్దాయన ముప్పై ఏళ్ళు విమానాల మెయింటెనెన్సులో పనిచేసి రిటైరైన మనిషి. "కళ్ళ ఆపరేషన్ ఉంది బాబూ, ఒక రెండు నెలలు నువ్వు చూస్తుండు" అన్నారు. ఆపరేషన్ బాగా జరిగింది. చూపు బాగా కనిపించాక ఆయనకి ముందు కనిపించింది, ఈ పని ఎంత తలనొప్పో. మళ్ళీ తీసుకోలేదు.

మా గ్రూపులో పైలట్లు కొందరు ఉన్నారు. ఇంజినీర్లు, కంట్రోలర్లు, చదువుకునే పిల్లలు ఉన్నారు. ఎక్కువమంది మాత్రం నాలాంటి వాళ్ళే, పైన ఏదో చప్పుడైతే మాట మధ్యలో ఆపేసి తలెత్తేవాళ్ళు. విమానం నడపడం నాకు రాదు. బోల్టు బిగించడమూ రాదు. చిన్నప్పటి నుంచి చూడటమే వచ్చు. ఆ చూసే పిచ్చి వల్లనే ఫోటోలు పరిశీలించే పని నాకు అప్పగించారు. ఎవరైనా ఫోటో పంపితే అది నిజమైనదేనా, ఏ విమానం, తోక దగ్గర రాసిన రిజిస్ట్రేషన్ అక్షరాలు సరిపోతున్నాయా అని చూసి వదలాలి. మిగతా సమయంలో తగువులు తీర్చాలి. ఏదైనా ప్రమాదం జరిగిన రోజున పుకార్లు ఆపాలి.

ఈ పనిలో చేరిన మూడో వారంలోనే పెద్ద తప్పు చేశాను.

ఒక కుర్రాడు ఫోటో పంపాడు. పేరు చూస్తే కొత్త, మాటలు చూస్తే ఇంకా బడిలో ఉన్నట్టుంది. కింద నుంచి తీసిన బోయింగ్ 747, కాస్త మసగ్గా ఉంది. కుడి రెక్క కింద రెండు ఇంజిన్లు. ఎడమ రెక్క కింద మూడు. "దీనికి ఐదు ఇంజిన్లు ఉన్నాయి, ఎందుకండీ?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. 747కి నాలుగు ఇంజిన్లని పసిపిల్లలకి కూడా తెలుసు. ఫోటోషాప్ చేసి మమ్మల్ని వెర్రివాళ్ళని చేస్తున్నాడనుకున్నాను. ఫోటో తీసేశాను. తీసేసి ఊరుకుంటే బాగుండేది. "ఇంజిన్లు అతికించే ముందు లెక్కపెట్టడం నేర్చుకో" అని అందరి ముందూ రాశాను. పదిమంది నవ్వారు. నాకు గొప్పగానే అనిపించింది.

ఓ గంట తర్వాత పెద్దాయన నుంచి విడిగా ఒక మెసేజ్ వచ్చింది. మొత్తం మూడు మాటలు. "బాబూ, అది స్పేర్."

ఎక్కడో దూరంలో ఒక విమానం ఇంజిన్ చెడిపోయి ఆగిపోతే, దానికి ఇంకో ఇంజిన్ పంపాలి. అంత పెద్ద ఇంజిన్ మామూలు కార్గో అరలో పట్టదు. పెద్ద సరుకు విమానం కోసం ఆగే తీరిక లేనప్పుడు, 747 ఎడమ రెక్క కింద, బాడీకీ లోపలి ఇంజిన్‌కీ మధ్యలో, స్పేర్ ఇంజిన్ తగిలించుకునే ఏర్పాటు ఉంది. అది తిరగదు, విమానాన్ని తొయ్యదు, ఊరికే వేలాడుతూ ప్రయాణం చేస్తుంది. గాలి నిరోధం పెరిగి ఇంధనం ఎక్కువ తాగుతుంది, అంతే. బోయింగ్ 707 కాలం నుంచే ఈ పద్ధతి ఉందట. పెద్దాయన తన చేతులతో తగిలించారట కూడా. 2016 జనవరిలో క్వాంటాస్ వాళ్ళ 747 ఒకటి సిడ్నీ నుంచి జోహన్నెస్‌బర్గ్‌కి ఐదు ఇంజిన్లతో వెళ్ళినప్పుడు ఆ ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. అప్పుడు మా గ్రూపులో అందరూ ఆశ్చర్యపోతుంటే నేను ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ రోజుకొస్తే, క్షమాపణ రాద్దామని కుర్రాడి కోసం చూశాను. అప్పటికే గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. విడిగా పంపినదానికి జవాబు రాలేదు. ఫోటో మాత్రం నా దగ్గర ఉండిపోయింది, తీసేసినవాటికి ఒక కాపీ దాచే అలవాటు ఉండటం వల్ల.

పెద్దాయన నన్ను ఏమీ అనలేదు. ఆయన పద్ధతే అంత, తిట్టరు. మనం చేసింది మనకే చూపిస్తారు. ఎయిర్ ఫ్రాన్స్ 447 సంగతి అలాగే చూపించారు. 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఆ ఎ330 మాయమైనప్పుడు నేను మామూలు సభ్యుణ్ణి. 228 మంది పోయారు. రెండు రోజులు తిరక్కుండానే పిడుగు పడి విరిగిపోయిందని నేను పేజీన్నర రాశాను, తుఫాను మేఘాల మ్యాపుతో సహా. పెద్దాయన అప్పుడు రాసింది ఒక్కటే. "రిపోర్టు వచ్చాక మాట్లాడుకుందాం." నాకు చిరాకేసింది. ఇన్ని తెలిసినాయన ఇలా దాటేస్తాడేంటి అనుకున్నాను. 2011 మేలో దాదాపు 3,900 మీటర్ల లోతు నుంచి ఆ విమానం రికార్డర్లు, అంటే బ్లాక్ బాక్సులు, పైకి తెచ్చారు. వేగాన్ని కొలిచే పిటో గొట్టాల్లో మంచు స్ఫటికాలు అడ్డుపడ్డాయి, వేగం రీడింగులు తప్పాయి, ఆటోపైలట్ విడిపోయింది. ఆ గందరగోళంలో ముక్కు పైకెత్తారు. రెక్కల మీద గాలి పట్టు తప్పి విమానం స్టాల్ అయింది, నీళ్ళని తాకేదాకా అందులోంచి బయటపడలేదు. విమానం ముక్కలైంది సముద్రాన్ని తాకాకే, గాల్లో కాదు. ఆ వివరాలు బయటికొచ్చిన రోజున పెద్దాయన నా పాత పేజీన్నర మెసేజ్‌ని నాకే ఫార్వర్డ్ చేశారు. పక్కన ఒక్క అక్షరం లేదు.

ఆ ప్రమాదానికి ముందు ఏడాది ఇంకోటి. 2008 జనవరి 17న బీజింగ్ నుంచి వస్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 777 హీత్రూ రన్‌వేకి కాస్త ముందే గడ్డిలో కూలబడింది. 152 మందీ బతికారు. పైలట్లు ఇంధనం అయిపోయేదాకా చూసుకోలేదన్నారు. ఆ సమయంలో దగ్గర్లో వెళ్తున్న బ్రిటన్ ప్రధానమంత్రి కాన్వాయ్‌లో సిగ్నళ్ళని అడ్డుకునే జామర్ల వల్లే అని కొందరన్నారు. ఆ మాట మా గ్రూపులోనూ జోరుగా తిరిగింది. నిజానికి ట్యాంకుల్లో ఇంధనం బాగానే ఉంది. ఎముకలు కొరికే చలిలో గంటల తరబడి ఎగిరాక, ఇంధనంలోని కాస్త తేమ మంచుగా మారింది. చివరి నిమిషంలో అది ఒక్కసారిగా కదిలి, ఇంధనాన్ని వేడి చేసే పరికరం మూతికి అడ్డం పడింది. రెండు ఇంజిన్లకీ ఇంధనం సరిగా అందలేదు. ఎవరికైనా ఊహకి తట్టే కారణమా అది? మంచు కరిగిపోయాక సాక్ష్యం కూడా మిగల్లేదు. ప్రయోగశాలలో మళ్ళీ పుట్టించి చూస్తే గానీ నమ్మలేదు.

ఆ రెండూ తెలిసి ఉన్నా, 2014 మార్చి 8కి నేను సిద్ధంగా లేను. 239 మందితో మలేషియా ఎయిర్‌లైన్స్ విమానం ఎమ్‌హెచ్ 370 కనిపించకుండా పోయింది. తర్వాత మూడు వారాలు నేను సరిగా నిద్రపోలేదు. గంటకో సిద్ధాంతం వచ్చేది. ఒకాయన ఉపగ్రహ ఫోటోలు రాత్రంతా వెతికి సముద్రపు నురుగుని రెక్క అనేవాడు. ఇంకొకాయన పైలటే కావాలని చేశాడంటూ, అతని ఇంట్లో ఏం జరిగిందో పక్కింట్లో ఉండి విన్నట్టు రాసేవాడు. మొదట్లో నేనూ అడ్డు చెప్పలేదు. ఎవరి బాధ వాళ్ళు చెప్పుకుంటున్నారులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ చదవడం ఆసక్తిగానే ఉంది.

నాలుగో రోజో ఐదో రోజో ఒకావిడ విడిగా రాశారు. వాళ్ళాయన పైలట్. "మా పాపకి పదకొండేళ్ళు. నా ఫోన్‌లో మీ గ్రూపు చదువుతోందని ఇవాళే తెలిసింది. 'నాన్న కూడా అలా చేస్తాడా' అని అడిగింది. ఆయన డ్యూటీలో ఉన్నారు. ఏం చెప్పాలో తెలీక మీకు రాస్తున్నాను."

ఆ రాత్రి కూర్చుని కెప్టెన్ గురించి రాసిన ఊహలన్నీ తీసేశాను. తెల్లారేదాకా పట్టింది. పొద్దున్నే ఒక నియమం పెట్టాను. చూసిందా, విన్నదా, అనుకున్నదా, ఏదో ముందు చెప్పి ఆ తర్వాత రాయాలి. అది పెట్టాక మెసేజ్‌లు సగానికి సగం తగ్గిపోయాయి. "అనుకున్నది" అని రాసుకోవడానికి చాలామందికి మనసొప్పలేదు. ఎయిర్‌లైన్ కంపెనీ దగ్గర నేను డబ్బులు తీసుకున్నానని ఇద్దరు నెల రోజులు ప్రచారం చేశారు. నాకు ఆ కంపెనీ ఉచితంగా దిండు కూడా ఇవ్వలేదు. మరుసటి ఏడాది జూలైలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి ఒడ్డుకి ఆ విమానం ఫ్లాపెరాన్, అంటే రెక్క వెనక అంచున కదిలే ముక్క, కొట్టుకొచ్చింది. అసలు విమానం ఎక్కడుందో మాత్రం తేలనే లేదు.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లో 13వ అనుబంధం ఉంది కదా, ప్రమాదాల దర్యాప్తు గురించి. మళ్ళీ జరక్కుండా చూడటమే దర్యాప్తు ఉద్దేశమనీ, తప్పు ఎవరిదో తేల్చడం కాదనీ అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. ప్రాథమిక నివేదికకి ముప్పై రోజుల గడువు. దాన్ని నేను ఎన్నిసార్లు కాపీ చేసి పెట్టానో లెక్కలేదు. చదివినవాళ్ళు ఎంతమందో నాకు అనుమానమే.

ఇదంతా చదివితే పద్నాలుగేళ్ళూ ఏడుస్తూ గడిపాననుకునేరు. అదేం లేదు. మంచి రోజులే ఎక్కువ. కొత్తవాళ్ళకి విమానాలు గుర్తుపట్టడం నేర్పడం అంటే నాకు పండగ. 787 ఇంజిన్ వెనక అంచు రంపపు పళ్ళలా ఉంటుంది. ఎ350కి కాక్‌పిట్ అద్దాల చుట్టూ నల్లని ముసుగు. 737కి తోక మొదట్లో ఏటవాలుగా ఒక మెట్టు ఉంటుంది, ఇంజిన్ల అడుగు నొక్కినట్టు చదునుగా ఉంటుంది. ఎందుకలా అని అడిగేవాళ్ళంటే ఇంకా ఇష్టం. 1967లో మొదటిసారి ఎగిరినప్పుడు 737కి సన్నటి ఇంజిన్లు ఉండేవి కాబట్టి నేలకి దగ్గరగా కట్టారు. 1980ల్లో లావు ఇంజిన్లు వచ్చేసరికి కింద చోటు చాల్లేదు. ఇంజిన్ అడుగున ఉండే సామానంతా పక్కలకి జరిపారు. అందుకే ఆ బుగ్గలు.

నేను అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది మాత్రం 737 చక్రాల సంగతి. చాలా విమానాలకి చక్రాలు లోపలికి ముడుచుకున్నాక తలుపులు పూర్తిగా మూసుకుంటాయి. 737 వెనక చక్రాలకి అలా కప్పే తలుపుల్లేవు. ముడుచుకున్నాక కూడా పొట్ట కింద రెండు నల్లని పళ్ళేల్లా చక్రాలు బయటికి కనిపిస్తూనే ఉంటాయి. కింద నుంచి చూస్తే ఇంకే అనుమానం అక్కర్లేదు. "పొట్ట చూడండి, చక్రాలు చూడండి" అన్నది నా ఊతపదమైపోయి, నా వెనకాల నన్ను చక్రాల మాస్టారు అనేవారట. ఆ పేరు నాకు నచ్చింది గానీ నచ్చినట్టు చెప్పలేదు.

ఇంకా ఒకావిడ ఉండేది. ఉద్యోగం వల్ల నెలకోసారి విమానం ఎక్కాలి, ఎక్కాలంటే ప్రాణం పోయేంత భయం. ముందురోజు రాత్రి ఏదో ఒక ప్రశ్న పంపేది. రెక్క అంతలా ఊగుతోంది, విరగదా? 2010లో 787 రెక్కల్ని పరీక్షించినప్పుడు, వాడకంలో రాగల గరిష్ఠ బరువుకి ఒకటిన్నర రెట్లు మోపారనీ, రెక్కలు దాదాపు 25 అడుగులు పైకి వంగాయనీ, విరగలేదనీ రాశాను. రాత్రి దిగేటప్పుడు లైట్లు ఎందుకు ఆపేస్తారు, ఏమైనా పాడైందా? ఏం పాడవ్వలేదమ్మా, ఒకవేళ త్వరగా బయటికి దిగాల్సొస్తే కళ్ళు చీకటికి ముందే అలవాటు పడి ఉండటానికి. దిగబోతూ మళ్ళీ పైకి లేచిపోయింది, ఎందుకు? దాన్ని గో అరౌండ్ అంటారు, పైలట్ మంచి పని చేశాడని అర్థం. మరుసటి రోజు ఆమె నుంచి ఒక్క మాట వచ్చేది. "దిగాను." అంతే, థాంక్స్ కూడా ఉండేది కాదు. ఏ ఊళ్ళో దిగిందో నాకెప్పుడూ తెలీదు. అలాంటివి నా ఫోన్‌లో తొంభైకి పైగా ఉన్నాయి.

2020 గురించి ఎక్కువ రాయను. ఆకాశం ఖాళీ అయింది, ఎడారుల్లో విమానాలు వరసలు కట్టాయి, ఇంజిన్లకి ముసుగులు వేశారు. మా గ్రూపులో ఉద్యోగాలు పోయినవాళ్ళు ఉన్నారు. ఆ ఏడాది జూలైలో క్వాంటాస్ చివరి 747 వెళ్ళిపోతూ ఆకాశంలో కంగారూ బొమ్మ గీసింది. రాడార్ గీతని అందరం ఫోన్లలో చూస్తూ కూర్చున్నాం. 1,574వది, అంటే ఆఖరి 747, 2023 జనవరి 31న అట్లాస్ ఎయిర్‌కి అప్పగించారు. మర్నాడు అది కిరీటం గీసి, పక్కన 747 అని అంకెలు రాసి వెళ్ళింది. ఆ రోజు గ్రూపంతా వీడ్కోళ్ళతో నిండిపోతే పెద్దాయన రాసింది ఇది. "నేను బోల్టులు బిగించినవి ఇంకా కొన్ని ఎగురుతున్నాయి. అప్పుడే ఏడవకండి."

ఇక ఈ సంవత్సరం సంగతి. ప్రమాదాలప్పుడు సిమ్యులేటర్ గేముల వీడియోలని నిజమని తిప్పడం పాత జబ్బే, వాటిని పట్టడం నాకు తేలిక. ఇప్పుడొచ్చే ఏఐ బొమ్మలతోనే చిక్కు. రెండు నెలల క్రితం ఒకాయన ఫోటో పంపాడు. వాన మేఘాలు, రెక్క చివర పక్కనే మెరుపు, ఆ వెలుగులో పైకి లేస్తున్న 737. ఎంత బాగుందంటే నేను పది సెకన్లు కూడా చూడకుండా వదిలేశాను. వదలడమే కాదు, ఈ వారం మేటి ఫోటో అని పైన పెట్టాను కూడా. అందరూ ఆహా ఓహో అన్నారు.

చేరి రెండు నెలలు కూడా కాని ఒకమ్మాయి అడిగింది. "సార్, చక్రాలేవి?"

చూశాను. పొట్ట నున్నగా, సబ్బుబిళ్ళలా ఉంది. తలుపుల్లేని విమానానికి చక్రాలూ లేవు. ఒకసారి అది కనబడ్డాక ఇక అన్నీ కనబడ్డాయి. కిటికీల మధ్య ఎడం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. రిజిస్ట్రేషన్ అక్షరాలు ఏ భాషవీ కావు. పంపినాయన్ని అడిగితే "నేను తీశానని ఎక్కడ చెప్పానండీ" అన్నాడు. అదీ నిజమే.

క్షమాపణ రాసి పెట్టాను. ఆ రాత్రి 2011 నాటి మసక ఫోటో తెరిచి చాలాసేపు చూశాను. నిజమైనదాన్ని తీసేసి మొదలుపెట్టాను, అబద్ధాన్ని పైన పెట్టి ఆపుతున్నాను అనిపించింది. పెద్దాయనకి ఫోన్ చేసి ఇక చాలన్నాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. "కళ్ళ ఆపరేషనా?" అన్నారు.

ఆ అమ్మాయిని బాధ్యత తీసుకోమని అడిగాను. పరీక్షలున్నాయంది, ఆ తర్వాత కూడా కుదరదంది. తెలివైన పిల్ల. చివరికి ఇద్దరు ముందుకొచ్చారు, చాలా పద్ధతైన మనుషులు, నేను రాసిన నియమాలన్నీ ప్రింట్ తీసుకున్నారట. భయస్తురాలైన ఆవిడ సంగతి కూడా వాళ్ళకి చెప్పాను. రాత్రిపూట ప్రశ్న వస్తే వెంటనే జవాబివ్వండి, పొద్దున "దిగాను" అని వచ్చేదాకా చూసుకోండి అని.

నిన్న పొద్దున మామూలు సభ్యుడిగా నా మొదటి ఫోటో పెట్టాను. ఆ ఐదు ఇంజిన్ల 747. కింద ఇలా రాశాను. "2011లో ఒక అబ్బాయి తీసినది. నేను పొరపాటున తీసేశాను. అతను ఎక్కడైనా చూస్తే నా తరఫున సారీ."

పావుగంటలో ఫోటో మాయమైంది. కొత్త మోడరేటర్ నుంచి విడిగా మెసేజ్ వచ్చింది, ఎంతో మర్యాదగా. "సార్, ఏమీ అనుకోకండి. ఎడమవైపు ఇంజిన్లు మూడు వచ్చాయి, ఏఐ చేసిన బొమ్మలా ఉంది. మీరు పెట్టిన నియమం ప్రకారమే తీసేశాను."

పెద్దాయనకి అది పంపాను. నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నారని వాళ్ళబ్బాయి చెప్పాడు. నేను మాత్రం కొత్తాయనకి ఏం రాయాలా అని కాసేపు ఆలోచించాను. పెద్ద వివరణ ఒకటి టైప్ చేశాను, 707 నుంచి మొదలుపెట్టి. మొత్తం చెరిపేశాను.

"బాబూ, అది స్పేర్" అని పంపాను.